అడవినదిలో ఉప్పు

సముద్రతీరమున నివసించువారికి ఉప్పునీరు వింత కాదు. పోటు వచ్చినపుడు ఏటినీరు ఉప్పగా మారుట మన కోనసీమలోను, దివిసీమలోను బాలురు సైతము ఎరిగిన విషయము. కాని నదీమార్గమున సముద్రమునకు 3,000 కిలోమీటర్లకు మించిన దూరమున, ఏడాది పొడవునను వానలు కురియు మహారణ్యమునందు, వాగులలోనికి ఉప్పునీరు వచ్చి చేరినచో దానికి కారణమేమి? ఆ ఉప్పు ఎచ్చటినుండి వచ్చినది?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, అమెజాన్ అరణ్యమునందు, కొరియెంతెస్ అను నది యొడ్డున ఆచువార్ అను ఆదిమజాతివారు నివసించుచున్నారు. ఈ ఉప్పు వచ్చిన దారిని వారు కనులార చూచిరి. దాని ఫలితములను తాము తిను చేపలయందును, త్రాగు నీటియందును కనుగొనిరి. దానికి తగిన చికిత్సను గూడ వారే కోరిరి. అయినను ముప్పదియేండ్లకు పైగా వారి మాటను చెవిని బెట్టినవారు అరుదు. తుదకు 2006లో వారు సాధించినదేమి, సాధింపలేకపోయినదేమి అను సంగతి చరిత్ర విద్యార్థులకును, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకును సమానముగ తెలియదగినది.

నది, దాని ప్రజలు

కొరియెంతెస్ నది ఈక్వడార్ దేశమున పుట్టి, పెరూలోని లొరేతో మండలమున ప్రవహించి టీగ్రె నదిలో కలియును. టీగ్రె నది మరాన్యోన్ అను పెద్దనదిలో కలియును. మరాన్యోన్, ఉకయాలి నదులు నౌతా పట్టణమునకు చేరువలో సంగమించిన పిదప ఆ ప్రవాహమునకు అమెజాన్ అను పేరు వచ్చును. కనుక కొరియెంతెస్ లో కలిసిన దేదైనను కొన్నాళ్లకు అమెజాన్ ను చేరక తప్పదు.

ఆచువారులు హీవారో భాషాకుటుంబమునకు చెందినవారు. ఈక్వడార్, పెరూ దేశములు రెండింటి యందును వీరు కలరు. చేపలు పట్టుట, వేటాడుట, చిన్నచిన్న తోటలు వేసికొనుట వీరి జీవనాధారములు. తోటలలో ముఖ్యమైన పంట కర్రపెండలము. మన గోదావరి మండలములందు నేడు పండుచున్న కర్రపెండలమునకు పుట్టినిల్లు ఆ దక్షిణ అమెరికా ఖండమే. తోటపని స్త్రీలది. తోటలను కాపాడు తల్లికి నుంకుయి అని పేరు. నీటికి అధిపతి త్సుంకి. ఆయన నీటి యడుగున ఇల్లు కట్టుకొని, మనుష్యులవలెనే సంసారము చేయుచుండునని వారి నమ్మకము. నది వారికి బాట, బావి, చేపలచెరువు, పిల్లలకు ఆటస్థలము. ఆ నది చెడినచో వారికి మరియొక నది లేదు.

ఈ ప్రాంతపు నీటికి ఒక విశేషము కలదు. సముద్రము దూరమగుటచే వానతో వచ్చు ఉప్పు మిక్కిలి తక్కువ. ఎడతెగని వర్షములు నేలలోని లవణములను ఎన్నియో యుగములుగా కడిగివేసినవి. అందుచే అచటి వాగుల నీటిలో కరిగియున్న లవణములు స్వల్పము. ఆకులు తిని బ్రదుకు జంతువులకు సోడియము చాలదు. ఉప్పమట్టి దొరకు కొన్ని తావులను అవి వెదకికొని పోయి, ఆ మట్టిని నాకి వచ్చుచుండును. అట్టి తావులను అచట ‘కొల్పా’ లందురు. వేటగాండ్రకు అవి చిరపరిచితములు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మనకథలో మరల దీనితో పని కలదు.

నూనె వచ్చిన విధము

1971లో పెరూ ప్రభుత్వసంస్థయైన పెట్రోపెరూ ఈ నదీప్రాంతమున త్రవ్విన బావిలో నూనె పడెను. ఆ క్షేత్రమునకు 8వ బ్లాకు అని పేరు పెట్టిరి. అదే సంవత్సరము దానికి ఎగువనున్న విశాలమైన అరణ్యభాగము 1-ఏబీ అను పేరుతో, అమెరికాలోని లాస్ ఏంజలిస్ నగరమునకు చెందిన ఆక్సిడెంటల్ కంపెనీకి ఒప్పందముపై ఈయబడెను. 1972లో ఆ కంపెనీకిని నూనె దొరకెను. ఆండీస్ పర్వతములను దాటించి పసిఫిక్ తీరమువరకు నూనెను తీసికొనిపోవు గొట్టపుమార్గము 1977లో పనిచేయ నారంభించెను. 1-ఏబీ బ్లాకును దానితో కలుపు ఉత్తరశాఖ 1978లో ముగిసెను.

ఈ ఏర్పాటులన్నింటిలో ఆ నేలపై నివసించువారిని అడిగినవారు లేరు. పెరూ చట్టము ప్రకారము భూగర్భమునందలి సంపద ప్రభుత్వమునకు చెందును. ఆదిమజాతుల గ్రామములకు భూమిపై హక్కును గుర్తించు చట్టము 1974లో మాత్రమే వచ్చెను. వారిని సంప్రదింపవలెనను అంతర్జాతీయ కార్మికసంస్థ 169వ ఒడంబడికను పెరూ 1994లో ఆమోదించెను. ఆ సంప్రదింపునకు విధివిధానములను నిర్ణయించు చట్టము 2011లో వెలువడెను. అనగా బావులు త్రవ్విన నాటికిని, అనుమతి యడుగు చట్టమునకును నడుమ నలువది యేండ్లు గడచినవి.

నూనెతో వచ్చు నీరు

పెట్రోలియము భూమిలో చెరువువలె నిలిచియుండునని కొందరి భావన. అది సరికాదు. స్పంజిలో నీరు ఇమిడియున్నట్లు, ఇసుకరాతి రంధ్రములలో నూనె ఇమిడియుండును. కొరియెంతెస్ ప్రాంతమున నూనె దొరకు ఇసుకరాళ్లు క్రెటేషియస్ యుగమున ఏర్పడినవి. ఆ రంధ్రములయందు నూనెతోపాటు పురాతనమైన నీరు కూడ చిక్కియుండును. నూనె తేలిక గనుక పైభాగమునను, నీరు బరువు గనుక క్రిందిభాగమునను నిలుచును. బావి త్రవ్వినపుడు క్రిందినీరు నూనెను పైకి నెట్టును. కొన్నియేండ్లు గడచునప్పటికి నూనె తరిగి, ఆ నీరే అధికముగ బయటికి వచ్చుచుండును. 1-ఏబీ బ్లాకున తుదకు వెలువడిన ద్రవమున నూటికి తొంబదికి మించిన పాలు నీరే.

ఇది త్రాగదగిన నీరు కాదు. కోట్లకొలది సంవత్సరములు రాతితో కలిసియుండుటచే ఎన్నియో లవణములను కరగించుకొన్నది. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. నూనెబావుల నీరు కొన్నిచోట్ల దానికంటెను ఉప్పన. లోతునుండి వచ్చుటచే వేడిగా నుండును. సోడియము క్లోరైడు గాక, బేరియము, సీసము, కాడ్మియము వంటి లోహములును, నీటికి అంటుకొని వచ్చిన నూనెబిందువులును అందు కలిసియుండును. ఆ నూనెలోని హైడ్రోకార్బనములలో అనేక వలయముల నిర్మాణము గలవి కొన్ని కలవు. వానిలో కొన్ని కాన్సరు కలిగింపగలవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

మరి ఈ నీటిని ఏమి చేసిరి? నూనెను వేరుచేసి గొట్టములలోనికి పంపి, నీటిని సమీపమునందలి వాగులలోనికి వదలివేసిరి. 1-ఏబీ, 8 బ్లాకులు రెండింటినుండియు దినమునకు పదిలక్షల పీపాలకు పైగా నీరు ఇట్లు వదలబడుచుండెను. ఒక పీపా 159 లీటర్లు. లెక్కించి చూచినచో దినమునకు పదునైదుకోట్ల లీటర్లకు మించును.

లవణములు తక్కువగా గల నీటికి అలవాటుపడిన చేపలు తమ రక్తమునందలి లవణములను మొప్పలద్వారా కాపాడుకొనుచుండును. నీటిలో ఉప్పు ఒక్కసారిగా హెచ్చినచో ఆ యేర్పాటు తారుమారగును. చేపలు తిను పురుగులును, లార్వాలును మొదట నశించును. విద్యార్థులు ఉప్పును గుర్తించు పరీక్షను తరగతిలోనే చేసి చూడవచ్చును. ఒక పరీక్షనాళికలో వాననీటిని, వేరొకదానిలో ఉప్పునీటిని తీసికొని, కొంచెము సజల నైట్రికామ్లము చేర్చి, సిల్వర్ నైట్రేటు ద్రావణమును చుక్కలుగ వేయవలెను. క్లోరైడు ఉన్నచోట తెల్లని అవక్షేపము ఏర్పడును. అడవివాగులోని నీరు మొదటి నాళికవలె స్వచ్ఛముగ నుండవలసినది. బావినీరు కలిసినచోట రెండవ నాళికవలె మారెను.

తెలియని చికిత్స కాదు

ఆ కాలమున వేరు ఉపాయము తెలియదని చెప్పుటకు వీలులేదు. అమెరికాలోని తూర్పు టెక్సాస్ నూనెక్షేత్రము 1930లో కనుగొనబడెను. అచటను నూనెతో ఉప్పునీరు వచ్చి ఏరులను పాడుచేయసాగెను. 1938లో ఆ నీటిని వేరొక బావిద్వారా మరల భూగర్భములోని ఇసుకరాతి పొరలోనికే పంపు పద్ధతి అచట ఆరంభమాయెను. 1942లో ఆ పనికొరకే ఒక ప్రత్యేకసంస్థ ఏర్పడెను. దీనివలన రెండు లాభములు కలిగెను. ఏరులు బాగుపడెను, భూగర్భమున ఒత్తిడి తగ్గక నిలిచినందున నూనెయు హెచ్చుగా వచ్చెను. 1969 నుండి నూనెబావుల ఉప్పునీటిని నేలపై గుంటలలో నిలువచేయుటయే టెక్సాస్ రాష్ట్రమున నిషేధింపబడెను.

పెరూలో 1-ఏబీ ఒప్పందము జరిగినది ఆ తరువాత రెండేండ్లకు. నీటిని తిరిగి లోనికి పంపుటకు ప్రత్యేకమైన బావులు త్రవ్వవలెను, పంపులు పెట్టవలెను, గొట్టములు తుప్పుపట్టకుండ చూడవలెను. ఇదంతయు ఖర్చుతో కూడిన పని. చేయుమని గట్టిగ చెప్పు నియమము పెరూలో లేకుండెను. కావున ఒకదేశమున చేయరాని పని వేరొకదేశపు అడవిలో ఏండ్లతరబడి సాగినది.

చూచినవారి సాక్ష్యము

ఆచువారులు తమ భాషలో ఈ మార్పును పూసగ్రుచ్చినట్లు చెప్పుకొనిరి. వాగులో వేడినీరు వచ్చుచున్నది. నీటిపై నూనెతెట్టు తేలుచున్నది. చేపల కడుపులు కోసినపుడు నూనెవాసన వచ్చుచున్నది. వేటాడిన జంతువు మాంసము రుచి మారినది. స్నానముచేసిన పిల్లలకు చర్మమున దద్దురులు లేచుచున్నవి. ఇవి అనుభవములు. వీనిని కొలిచి అంకెలుగ మార్చి చూపువారు ఆ రోజులలో వారి పక్షమున లేరు. 1984లోనే పెరూ ప్రభుత్వపు ప్రకృతిసంపద పరిశీలనసంస్థ ఈ ప్రాంతమును దేశమున మిక్కిలి చెడిన ప్రాంతములలో ఒకటిగా పేర్కొన్నది. అయినను వాగులలోనికి నీరు వచ్చుట ఆగలేదు.

1991లో ఆచువారులు తమ నదియొడ్డుననే నివసించు ఉరరీనా, కిచ్వా ప్రజలతో చేరి ఒక సమాఖ్యను స్థాపించుకొనిరి. స్పానిష్ పేరులోని అక్షరములను కలిపి దానిని ‘ఫెకొనాకొ’ అందురు. అడవిలో ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుటకు పడవపై దినములు పట్టును. అట్టిచోట చెదరియున్న గ్రామములన్నియు ఒకేమాటపై నిలుచుట సామాన్యకార్యము కాదు. 1996లో 8వ బ్లాకును, 2000లో 1-ఏబీ బ్లాకును అర్జెంటీనాకు చెందిన ప్లుస్‌పెట్రోల్ కంపెనీ తీసికొనెను. యజమాని మారెను గాని వాగులోని నీరు మారలేదు.

రక్తపరీక్షలు

సమాఖ్య పట్టుదలవలన 2005లో పెరూ ఆరోగ్యశాఖవారు కొరియెంతెస్ గ్రామములకు వచ్చి రక్తపరీక్షలు చేసిరి. 2006లో ఫలితములు తెలిసినవి. పరీక్షింపబడిన బాలబాలికలలో సుమారు మూడింట రెండువంతులమంది రక్తమున సీసము అనాడు అంగీకరించిన పరిమితిని మించియుండెను. కాడ్మియము విషయమున దాదాపు అందరును పరిమితిని దాటిరి. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. కాడ్మియము మూత్రపిండములను చెరచును.

ఇచ్చట శాస్త్రీయదృష్టితో ఒక విషయమును చెప్పవలసియున్నది. సీసము ఏ దారిని రక్తములో చేరినది? నూనెబావుల నీరే ఏకైక కారణమని తేల్చుట తగదు. తరువాత జరిగిన పరిశోధనలలో నూనెకేంద్రములకు దూరముగనున్న గ్రామస్థుల రక్తమునందును సీసము కనబడెను. గాలపు త్రాటికి కట్టు బరువులను చేయుటకు సీసపుముక్కలను పండ్లతో నమిలి వంచు అలవాటు ఒక ముఖ్యకారణమని తేలెను. ఆ సీసము పారవేసిన విద్యుత్ తీగలనుండి దొరకునది. అనగా నూనెపరిశ్రమ విడిచిన చెత్త వేరొకదారిని కూడ ఇంటిలో ప్రవేశించినది. తుపాకిగుండ్లలోని సీసము ఇంకొకదారి. సత్యమును వెదకునపుడు తమ వాదమునకు అనుకూలమైన కారణమును మాత్రమే పట్టుకొనరాదు; అట్లని నదిలోనికి వదలిన విషము హానిలేనిదని వాదించుటయు తగదు.

డొరిస్సా

2006 నాటికి సమాఖ్య ఒక నూతనసాధనమును చేతబట్టెను. గ్రామయువకులు కొందరు పర్యావరణపు కాపరులుగ శిక్షణ పొందిరి. ఉపగ్రహముల సంకేతములతో తావును చూపు జి.పి.ఎస్. పరికరములను, చిత్రములు తీయు కెమెరాలను తీసికొని, గొట్టపుమార్గముల వెంట నడచి, నూనె కారినచోటును, తేదీని, పరిమాణమును నమోదుచేయసాగిరి. అడవిదారులు వారికి కొట్టినపిండి. అంతవరకు ‘అడవివారి మాట’గా త్రోసివేయబడినది ఇపుడు పటముపై గుర్తుగ మారెను. ఈ గుర్తును కాదనుటకు వేరొకరు ఆ తావునకు పోయి చూడవలసివచ్చెను.

విన్నపములన్నియు విఫలమైన పిదప, 2006 అక్టోబరులో ఆచువారులు పడవలపై బయలుదేరి 1-ఏబీ బ్లాకునందలి డొరిస్సా అను నూనెకేంద్రమును చేరిరి. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు గూడ వచ్చిరి. పురుషులు ముఖములకు ఎర్రరంగు పూసికొని, తాతలనాటి బల్లెములను చేతబట్టిరి. విమానపు దిగుడుస్థలమును, రోడ్లను, విద్యుత్కేంద్రమును ఆక్రమించి కూర్చుండిరి. నూనె ఉత్పత్తి చాలవరకు నిలిచిపోయెను. ఆనాడు సమాఖ్యకు అధ్యక్షుడు ఆంద్రెస్ సాంది. సుమారు రెండువారములు ఆ దిగ్బంధము సాగెను. పెరూలో ప్రజల ఫిర్యాదులను విచారించు ప్రజారక్షక కార్యాలయమువారు నడుమ నిలిచి మాటలు నడపిరి.

ఆ జనులు కోరినదేమి? ధనము పంచిపెట్టుడని వారు ముందుగా అడుగలేదు. కంపెనీని వెంటనే వెడలగొట్టవలెనను షరతును పెట్టలేదు. వారి మొదటికోరిక కేవలము సాంకేతికమైనది: భూగర్భమునుండి తీసిన నీటిని తిరిగి భూగర్భమునకే పంపవలెను, నదికి ఒక్కచుక్కయు రారాదు. దీనితోపాటు వైద్యసదుపాయమును, త్రాగునీటిని, చెడిన నేలలు బాగుచేయుటను కోరిరి. తూర్పు టెక్సాస్ లో 1938లో ఆరంభమైన పద్ధతినే, అరువదియెనిమిదేండ్ల పిదప, ఆచువారులు తమ నదికొరకు అడిగిరి.

డొరిస్సా ఒప్పందము ఆ నెలలోనే కుదిరెను. రెండు బ్లాకులయందును ఉత్పత్తిజలమును పూర్తిగా తిరిగి లోనికి పంపుటకు గడువులు నిర్ణయింపబడెను. నదీతీరపు గ్రామముల ఆరోగ్యప్రణాళికకు పదియేండ్లపాటు ధనమిచ్చుటకు కంపెనీ అంగీకరించెను. 2009 నాటికి రెండు బ్లాకులలోను ఆ నీరు భూగర్భమునకు పోవుచుండెను. ముప్పదియేండ్లకు పైగా కానిపని మూడేండ్లలో అయ్యెను. చేయుటకు వీలుకాని పని యని ఇక ఎవరును చెప్పజాలకపోయిరి.

ఆలస్యముగ వచ్చిన అంకెలు

ఒప్పందము జరిగిన పిదప శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు ఆచువారుల సాక్ష్యమును ఎట్లు బలపరచినవో చూతము. ప్రభుత్వశాఖలు, కంపెనీలు 1987 నుండి 2013 వరకు తీయించిన దాదాపు 3,000 నీటినమూనాల ఫలితములను ఒకచోట చేర్చి పరిశీలించిన వ్యాసము 2017లో వెలువడెను. నూనెకేంద్రముల నీరు కలిసినచోట క్లోరైడు, బేరియము, సీసము, కాడ్మియము హెచ్చినట్లు అది నిరూపించెను. ఆ అంకెలలో పెక్కు ఎన్నడో కొలిచి కాగితములలో వ్రాసియుంచినవే. కొలిచినవారు ఉండిరి, కూడి చదివినవారు లేకుండిరి. మరియొక పరిశోధన 2014లో వెలువడెను. అది మరాన్యోన్ నది ప్రవాహములోని సోడియము, క్లోరైడులను లెక్కించి, నూనెబావుల ఉప్పు ఎంతోదూరము దిగువవరకు తన జాడను విడిచినదని చూపెను.

ఇపుడు కొల్పాల సంగతికి వత్తము. నూనె కారిన మురికినేలలను జంతువులు నాకుచున్నవని వేటగాండ్రు ఏనాటినుండియో చెప్పుచుండిరి. నూనెవాసన గల మట్టిని ఏ జంతువు తినునని వినినవారికి సందేహము. జంతువు దాటినపుడు తనంతట తానే చిత్రముతీయు కెమెరాలను శాస్త్రజ్ఞులు ఆ తావులలో చెట్లకు కట్టిరి. టాపిర్, పెక్కారీ అను అడవిపంది, ఎర్రజింక, పాకా అను పెద్ద మూషికజాతి మృగము వచ్చి, నూనెతో చెడిన మట్టిని తినుట చిత్రములలో స్పష్టముగ కనబడెను. ఈ ఫలితములు 2018లో ప్రకటింపబడెను. కారణము సులభముగనే ఊహింపవచ్చును. నూనెతోపాటు ఒలికినది ఉప్పునీరు. ఉప్పుకొరకు ఆకలిగొన్న అడవిజంతువులకు అది క్రొత్తకొల్పాగా తోచెను. ఈ నాలుగును ఆచువారులు ముఖ్యముగ వేటాడి తిను మృగములు. కావున విషము నీటినుండి మాత్రమే గాక, మాంసమునుండియు మనుష్యుని చేరుటకు దారి కలదు.

2019లో మరియొక పరిశోధన వెలువడెను. సీసమునకు కొన్ని ఐసోటోపులు కలవు. ఒక్కొక్క గనిలోని సీసమున ఈ ఐసోటోపుల నిష్పత్తి ఒక్కొక్కవిధముగ నుండును. వ్రేలిముద్రతో మనుష్యుని గుర్తించినట్లు, ఈ నిష్పత్తిచే సీసము పుట్టినచోటును గుర్తింపవచ్చును. వేటాడిన జంతువుల కాలేయములలోని సీసమును ఇట్లు పరీక్షింపగా, తుపాకిగుండ్లును, నూనెకాలుష్యమును రెండును కారణములని తెలిసెను.

మిగిలిన పని

డొరిస్సా ఒప్పందము నీటిని ఆపెను గాని, అంతకుముందు చెడిన నేలను బాగుచేయలేదు. గొట్టములు పాతబడి, తుప్పుపట్టి, నూనె కారుట ఆగలేదు. 2013, 2014 సంవత్సరములలో పాస్తాసా, కొరియెంతెస్, టీగ్రె, మరాన్యోన్ నదీప్రాంతములు నాలుగింటను పెరూ ప్రభుత్వము పర్యావరణ అత్యవసరస్థితిని ప్రకటించెను. 2015లో చెడిన తావులను బాగుచేయుటకు ఒక నిధిని ఏర్పరచు చట్టము చేయబడెను. కాని ఈ పని మిక్కిలి మందముగ సాగుచున్నది. పైగా 1-ఏబీ బ్లాకును 2015వరకు నడపిన ప్లుస్‌పెట్రోల్ శాఖాసంస్థ 2020లో తాను మూతపడుచున్నట్లు ప్రకటించెను. బాగుచేయవలసినవారు లేనిచో భారము ఎవరిదను వివాదము పెరిగెను.

న్యాయస్థానములందును పోరాటము సాగెను. 2007లో ఆచువారులు ఆక్సిడెంటల్ కంపెనీపై లాస్ ఏంజలిస్ లోనే దావా వేసిరి. ఈ విచారణ పెరూలోనే జరుగవలెనని కంపెనీ వాదించెను. క్రిందికోర్టు ఒప్పుకొనినను, 2010లో పైకోర్టు ఆచువారుల పక్షమున తీర్పుచెప్పెను. 2015లో ఉభయులును రాజీపడిరి, ధనమెంతయో వెల్లడింపలేదు. తమ ఊరిలో తవ్విన కంపెనీని దాని సొంతఊరిలోనే ప్రశ్నింపవచ్చునని ఆ వ్యాజ్యము చూపెను.

కొరియెంతెస్ నీరు చేరు మరాన్యోన్ తీరమున కుకామా అను మరియొక జాతివారు కలరు. 2014లో కునినికో అను గ్రామమునొద్ద గొట్టపుమార్గము పగిలి నూనె నీటిలో కలిసెను. కుకామా స్త్రీలు 2001లోనే ఒక సమాఖ్యను స్థాపించుకొని యుండిరి. నదికే హక్కులు కలవని తీర్పు ఈయవలెనని వారు 2021లో కోర్టును ఆశ్రయించిరి. 2024 మార్చిలో నౌతా న్యాయస్థానము మరాన్యోన్ నదిని, దాని ఉపనదులను హక్కులుగలవానిగ గుర్తించెను. స్వేచ్ఛగా ప్రవహించుటకును, కాలుష్యము లేక యుండుటకును దానికి హక్కు కలదని చెప్పెను. ఆ సమాఖ్య నాయకురాలు మరి లుస్ కనకిరి మురయారికి 2025లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమానము లభించెను. కొరియెంతెస్ టీగ్రెలోను, టీగ్రె మరాన్యోన్ లోను కలియుచుండుటచే, ఉప్పునీరు దిగిన దారినే ఈ తీర్పు ఎగువకు ప్రయాణము చేయగలదని ఆశింపవచ్చును. తీర్పును అమలుపరచుట వేరుపని; దానికి మరల కాపలా కావలెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగినది ఒకటి కలదు. ప్రకృతిని కొలుచుటకు పరికరములు కావలసినదే. కాని ఎక్కడ కొలువవలెనో, దేనిని కొలువవలెనో ముందుగ చెప్పువారు ఆ తావున నిత్యము బ్రదుకువారు. చేప కడుపులో నూనెవాసన వచ్చుచున్నదని ఒక తల్లి చెప్పిన మాట పరిశోధనకు తొలిసూచన. ఆచువారుల మాటలలో కొన్నింటిని పరికరములు బలపరచెను. సీసము విషయమున క్రొత్తకారణములను గూడ చూపెను. రెండును కలిసినపుడే సత్యము పూర్తిగ తెలిసెను. ఆ సూచనను 1970లలోనే వినియుండినచో, దినమునకు పదునైదుకోట్ల లీటర్ల ఉప్పునీరు ఆ వాగులలో పారియుండెడిది కాదు.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో ఊరిచెరువు నీటిని, బావినీటిని, వాననీటిని తెచ్చి పైన చెప్పిన క్లోరైడు పరీక్షను చేయించి, తేదీతో సహా ఒక పుస్తకమున వ్రాయింపగలరు. సంవత్సరము తరువాత మరల చేసి పోల్చి చూడవలెను. కొరియెంతెస్ కాపరులు చేసిన పనియు మూలమున ఇదియే: తమ నీటిని తాము గమనించుట, చూచినదానిని తావు, తేదీలతో వ్రాసి యుంచుట.